మోకాలి దెబ్బ: డాక్టరుకు మొదట చెప్పాల్సినవి

సిమెంటు బస్తాతో మెట్లెక్కుతూ కాలు మడతపడిన హమాలీ, ఇసుక మీద బండి జారి పడిన డెలివరీ కుర్రాడు, నాట్ల మడిలో కాలు దిగబడి ఒళ్లు పక్కకు తిరిగిన కూలీ. ముగ్గురి మోకాలూ ఒకేలా ఉబ్బుతుంది. ముగ్గురూ మందుల షాపులో అవే నొప్పి బిళ్లలు కొనుక్కుని, గుడ్డ గట్టిగా చుట్టుకుని, రెండో రోజో మూడో రోజో పనిలోకి వెళ్లిపోతారు. లోపల దెబ్బతిన్నది మాత్రం ముగ్గురికీ ఒకటే అయి ఉండకపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి డాక్టరుకు అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది, దెబ్బ తగిలిన క్షణం గురించి మీరు చెప్పే వివరం. "కింద పడ్డానండీ, నొప్పిగా ఉంది" అంటే చాలదు.

పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు ఏ వైపు తిరిగింది? లోపల టప్పుమన్నట్టు అనిపించిందా? వాపు ఎంతసేపటికి వచ్చింది? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. గంటా రెండు గంటల్లోనే మోకాలు బిగుసుకుపోయేలా ఉబ్బితే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. తొడ ఎముకనీ కింది ఎముకనీ మోకాలి మధ్యలో పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగినప్పుడు తరచూ ఇలాగే అవుతుంది. ఎముక విరిగినా కావచ్చు. లిగమెంట్ తెగినవాళ్లు వాపు తీశాక మామూలుగానే నడుస్తారు, నయమైపోయిందనుకుంటారు. మెట్లు దిగేటప్పుడో, గబుక్కున పక్కకు తిరిగినప్పుడో మోకాలు పట్టు వదిలేసి మళ్లీ పడతారు. అలా రెండోసారి పడడంతో మోకాలు ఇంకొంచెం పాడవుతుంది.

వాపు తెల్లారేసరికి నెమ్మదిగా వచ్చిందా? గొంతుక్కూర్చుని లేస్తూ కాలు మెలిపడిందా? నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించగలరా? అయితే మెనిస్కస్ చిరిగి ఉండొచ్చు. రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో ఉండే మెత్తలివి. చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుంటే కాలు పూర్తిగా చాపలేరు. అలా పట్టేసిన మోకాలిని ఎవరిచేతా లాగించుకోవద్దు, నూనె రాసి గట్టిగా మర్దన చేయించుకోవద్దు. వెంటనే ఎముకల డాక్టరుకు చూపించాలి.

టైల్స్ మేస్త్రీల సంగతి వేరు. రోజంతా మోకాళ్ల మీద ఆని పనిచేయడం వల్ల చిప్ప ముందు చర్మం కిందున్న చిన్న సంచిలో నీరు చేరుతుంది. కీలు లోపల ఏమీ తెగదు. ప్యాడ్లు వాడుతూ, కొన్నాళ్లు మోకాలు ఆనించకపోతే చాలావరకు తగ్గుతుంది. కానీ ఉబ్బు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం తగిలిందంటే ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పరీక్షలు. దెబ్బ తగిలాక నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీల దాకా మడవలేకపోయినా, చిప్ప మీద నొక్కితే నొప్పి ఉన్నా, వయసు 55 నిండినా ఎక్స్‌రే తీయించాలి. నాటు కట్టు కట్టించుకునే అలవాటున్న కుటుంబాలు కూడా ఎక్స్‌రే తర్వాతే ఆ ఆలోచన చేయాలి. లిగమెంటూ మెనిస్కసూ ఎక్స్‌రేలో కనపడవు. వాటికి మొదటి పరీక్ష డాక్టరు చెయ్యే: రెండు మోకాళ్లనూ పట్టి, కదిపి, పోల్చి చూడాలి. వాపు వల్ల ఆ రోజు కుదరకపోతే వారం పది రోజుల తర్వాత మళ్లీ చూపించుకోండి.

ఎంఆర్ఐ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నడివయసు దాటినవాళ్లలో నొప్పేమీ లేకపోయినా మెనిస్కస్ చిరుగులు కనిపించడం మామూలే. రిపోర్టులో "చిరుగు" అని ఉన్నంత మాత్రాన అప్పు చేసి ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర్లేదు. ఫిన్లాండ్‌లో 2013లో వెలువడిన అధ్యయనంలో, అరుగుదల వల్ల వచ్చిన చిరుగును కత్తిరించినవాళ్లకూ, కోత పెట్టి లోపల ఏమీ కత్తిరించనివాళ్లకూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలు పట్టేసి చాపలేనివాళ్ల విషయం వేరు. ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకూ సర్జరీ తప్పదనీ లేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టినవాళ్లలో సగం మందికి పైగా రెండేళ్ల దాకా ఆపరేషన్ లేకుండానే గడిపారు. అందుకే మీ పనేమిటో డాక్టరుకు చెప్పండి. కౌంటర్‌లో కూర్చునే మనిషికీ, పరంజా ఎక్కే మనిషికీ నిర్ణయం ఒకటే కానక్కర్లేదు.

మోకాలి నొప్పికి మూలం ఒక్కోసారి తుంటిలో ఉంటుంది. తుంటి నొప్పి అంటూ జనం చెయ్యి పెట్టేది పిరుదు మీద. అది చాలాసార్లు నడుము నుంచి దిగే నొప్పి. తుంటి కీలు నొప్పి ఎక్కువగా గజ్జల్లో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాలి దాకా పాకుతుంది. మోకాలి ఎక్స్‌రే బాగున్నా నొప్పి పోకపోతే తుంటిని కూడా చూడమని అడగండి. కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం ఒక్కసారిగా 1600 మీటర్ల పరుగు మొదలుపెట్టే పిల్లలకు నా మనవి: పరుగెత్తితే గజ్జల్లో నొప్పి, కూర్చుంటే తగ్గడం జరుగుతుంటే పరుగు ఆపేయండి. తొడ ఎముక మెడ దగ్గర సన్నటి చీలిక వచ్చి ఉండొచ్చు. అది మొదట్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. పంటి బిగువున పరుగెత్తితే ఎముక పూర్తిగా విరిగి, పెద్ద ఆపరేషన్ దాకా పోతుంది. దెబ్బేమీ లేకుండా గజ్జల్లో నొప్పి వస్తే వాడిన స్టెరాయిడ్ మందుల గురించీ, మద్యం గురించీ దాచకుండా చెప్పాలి. రెండూ తుంటి బంతికి రక్తం అందకుండా చేయగలవు. ఊళ్లో వేయించుకున్న నొప్పి సూదిలో ఏముందో కూడా కనుక్కోండి.

మొదటి రోజు మీరు డాక్టరుకు చెప్పే మాటలకు ఇంకో విలువ ఉంది. పనిలో తగిలిన దెబ్బను "ఇంట్లో జారిపడ్డానని చెప్పు" అనే సూపర్‌వైజర్లు ఉన్నారు. ఒప్పుకోవద్దు. కార్మికుల ఈఎస్ఐ బీమాలో మామూలు జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో తగిలిన దెబ్బ అయితే, పనిచేయలేనన్నాళ్లూ 90 శాతం. సంస్థలోని ప్రమాదాల పుస్తకంలో ఆ రోజే రాయించండి. ఆసుపత్రి చీటీలో "పని చేస్తుండగా" అన్న మాట, తేదీ, సమయం ఉన్నాయో లేదో చూసుకోండి. పనికి వస్తూ పోతూ జరిగిన ప్రమాదానికీ ఈ హక్కు వర్తించే అవకాశముంది. ఈఎస్ఐ లేని డెలివరీ కుర్రాళ్లు యాప్ కంపెనీ ప్రమాద బీమా ఇస్తోందేమో కనుక్కుని, ఆ రోజే నమోదు చేయాలి.

తిరిగి పనిలోకి వెళ్లే ముందు టేపు తీసుకుని, చిప్పకు జానెడు పైన రెండు తొడల చుట్టుకొలతా చూడండి. దెబ్బ తగిలిన వైపు సన్నబడి ఉంటే కండ ఇంకా కోలుకోలేదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన కాలు చాపి ఎత్తే వ్యాయామాలు ఆపకూడదు. ఏసీఎల్ సర్జరీ అయినవాళ్లు బరువులు మోసే పనికి వెళ్లడానికి నెలలే పడుతుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో "పనికి తగును" అని మాత్రమే రాస్తే చాలదు. ఎంత బరువు ఎత్తొచ్చు, నిచ్చెన ఎక్కొచ్చా, గొంతుక్కూర్చోవచ్చా అన్నవి కూడా రాయమని డాక్టరును అడిగి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.