తలశ్శేరి ప్లీడరు



మనవరాలా, జిల్లా కోర్టులో ప్లీడరుగా ఉండిపోతే ఎదుగూబొదుగూ ఉండదని నీ తోటివాళ్లు అంటున్నారని రాశావు. వాళ్లకు వి.ఆర్. కృష్ణయ్యర్ గారి సంగతి చెప్పు.

1930ల చివర ఆయన మలబారులోని తలశ్శేరిలో ప్రాక్టీసు పెట్టారు. తండ్రీ ప్లీడరే. కొడుకు కూలీల తరఫున, రైతుల తరఫున నిలబడ్డాడు. కమ్యూనిస్టులకు సాయపడుతున్నారన్న అనుమానంతో 1948లో ఆయన్నే నెల రోజులు నిర్బంధించారు. 1952లో మద్రాసు శాసనసభకు స్వతంత్రుడిగా గెలిచారు. ఆంధ్ర ఇంకా విడిపోలేదు గనక మన జిల్లాల సభ్యులూ ఆ సభలోనే ఉండేవారు. 1957లో కేరళ ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. మంత్రివర్గంలో జైళ్లు కూడా ఆయన శాఖే. లోపల ఉండి వచ్చిన మనిషి గనకే, తర్వాత సుప్రీంకోర్టు జడ్జిగా, తిహార్ జైల్లో సాటి ఖైదీని వార్డరు హింసించాడంటూ ఒక ఖైదీ రాసిన ఉత్తరం మీద అంత గట్టి తీర్పు రాయగలిగారని నా నమ్మకం.

1968లో కేరళ హైకోర్టు, 1973లో సుప్రీంకోర్టు. రాజకీయాల్లోంచి వచ్చినవాడు జడ్జిగా పనికొస్తాడా అని పెద్ద లాయర్లే అభ్యంతరం చెప్పారు. అడగాల్సిన ప్రశ్నే. 1975 జూన్ 24న ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న తీర్పు మీద ఆయన షరతులతో స్టే ఇచ్చారు. ప్రధానిగా కొనసాగవచ్చు, పార్లమెంటులో ఓటు మాత్రం వేయకూడదన్నారు. మర్నాటి రాత్రే ఎమర్జెన్సీ.

అయితే నీకు కావలసింది అంతకన్నా చిన్న కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. మేజిస్ట్రేటు పదివేల రూపాయలకు జామీను అడిగాడు. తోడబుట్టినవాడు పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. 1978లో కృష్ణయ్యర్ గారు మండిపడ్డారు. ఒక తెలుగువాడో మలయాళీయో ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎలా తెస్తాడని నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. జామీను దొరక్క కోర్టు వరండాలో తిరిగే ఆడవాళ్లను ఏళ్ల తరబడి చూసిన ప్లీడరు కోపం అందులో నాకు వినిపిస్తుంది.

అదే మోతీరామ్ కేసు. ఆయన ఇంగ్లీషు కొరుకుడు పడదు, నిఘంటువు పక్కన పెట్టుకో. ఈసారి బెయిలు పిటిషను వేసేముందు ఆ తీర్పు మొత్తం చదువు. నీ కక్షిదారు ఎంతకు పూచీ ఇచ్చుకోగలడో ముందే అడిగి, ఆ మాట పిటిషనులోనే రాయి.