యాకోబు తలక్రింది రాయి

పాఠము: ఆదికాండము 28:10–22

రాత్రివేళ గవర్నరుపేటలో విజయవాడ స్టేషను రైలుకూత వినబడినప్పుడు, దూరదేశమున నున్న బిడ్డలు మనకు జ్ఞాపకము వత్తురు. యాకోబును అట్టి బిడ్డయే. ఇల్లు విడిచిన అతనికి ప్రొద్దు గ్రుంకినచోటనే పడక, రాయియే తలగడ.

మన కోస్తా జిల్లాలనుండి మలయా రబ్బరుతోటలకు వెళ్లిన తెలుగువారిలో కొందరిని 1942–43లో జపాను సైన్యము సయాం–బర్మా రైలుమార్గపు పనికి కొనిపోయెను. మూడు నెలల పనియేయని నమ్మించి గూడ్సు పెట్టెలలో ఎక్కించిరి. బాన్‌పాంగ్‌లో దిగినపిమ్మట అనేకులకు అడవిలో కాలినడకయే. 415 కిలోమీటర్ల మార్గము 1943 అక్టోబరులో పూర్తియాయెను. కలరావలన, ఆకలివలన వేలాది కూలీలు మరణించిరి.

దేవుడు యాకోబుతో మాటలాడినది అతడు ఇల్లు చేరిన తరువాత కాదు, ఆ దారిలోనే. నీకు తోడైయుందునని చెప్పి ఊరకొనక, తిరిగి ఈ దేశమునకు రప్పింతుననియు మాట యిచ్చెను. అనగా ఇంటిమీది బెంగను ఆయన అవిశ్వాసముగా ఎంచలేదు. మనమో, బిడ్డ ఫోనులో ఏడ్చినచో, ప్రార్థన చాలలేదని గద్దింతుము!

మరి తిరిగిరాని వారి మాటయేమి? ఈ ప్రశ్నకు మనము తొందరపడి జవాబు చెప్పరాదు. యాకోబు తన రాతిని స్తంభముగా నిలిపెను. కాంచనబురిలో దాదాపు 7,000 మంది సైనికుల సమాధులు రాళ్లతో వరుసలుగా నున్నవి. కూలీలలో అనేకులకు రాయియైనను లేదు.