జీర్ణాశయ క్యాన్సర్ మరల వచ్చునా?

జీర్ణాశయ క్యాన్సర్‌ను తొలిదశలోనే గుర్తించినచో, పొట్ట కోయకుండనే తొలగించు చికిత్స నేడు కలదు. నోటి గుండా ఎండోస్కోపును పంపి, కంతిని దాని క్రింది పొరతో సహా ఒలిచి తీయుదురు. జపానులో రూపొందిన ఈ పద్ధతి హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో కూడ అమలులో నున్నది. రోగి ఇల్లు చేరిన పిమ్మట బంధువులడుగు ప్రశ్న ఒక్కటే: "మరల వచ్చునా?" దీనికి శాస్త్రము చెప్పు సమాధానమును విద్యార్థులకు వివరింపదలచితిమి.

వ్యాధి మూడు విధములుగా తిరిగి రావచ్చును. ఒలిచిన చోటనే కొంత మిగిలియుండుట మొదటిది. లింఫ్ గ్రంథులకు ముందే ప్రాకియుండుట రెండవది. మిగిలిన జీర్ణాశయములో వేరొకచోట క్రొత్త కంతి పుట్టుట మూడవది.

మొదటి రెండింటి జాడ ఒలిచిన ముక్కలోనే దొరకును. దానిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినపుడు పూర్తిగా నయమైనదను ప్రమాణమునకు అది సరిపోనిచో, ఇంకను శస్త్రచికిత్స అవసరమా అను ప్రశ్న వచ్చును. అట్టివారి కొరకు 2017లో జపాను వైద్యులు ఒక లెక్క ప్రకటించిరి. లింఫ్ నాళములలో క్యాన్సర్ చొరబడినచో 3 మార్కులు. కంతి 30 మిల్లీమీటర్లకు మించుట, సిరలలో చొరబాటు, ముక్క అడుగు అంచున క్యాన్సర్ కనబడుట, క్రింది పొరలోనికి అర మిల్లీమీటరు లేదా అంతకు మించి దిగుట, వీనికి ఒక్కొక్క మార్కు. మొత్తము 0-1 అయినచో గ్రంథులకు ప్రాకియుండు అవకాశము నూటికి 2.5, 2-4 అయినచో 6.7, 5-7 అయినచో 22.7.

ఇది జోస్యము కాదు. ఎక్కువ మార్కులు వచ్చిన నూరుగురిలో కూడ డెబ్బదియేడుగురికి గ్రంథులలో వ్యాధి యుండదు. తక్కువ వచ్చినవారిలో ఇద్దరు ముగ్గురికి ఉండవచ్చును. కావున రోగి వయస్సును, శరీరబలమును కూడ తూచి వైద్యులు నిర్ణయింతురు.

మూడవదానికి హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి ఒక ముఖ్య కారణము. 2018లో వెలువడిన కొరియా పరిశోధనలో, దానికి మందు వాడినవారిలో నూటికి 7.2 మందికి, వాడనివారిలో 13.4 మందికి క్రొత్త కంతులు కనబడినవి. అనగా మందుతో అపాయము సగమైనదే గాని, తొలగిపోలేదు. అందువలననే కాలానుసారముగా ఎండోస్కోపీ తప్పదు.

పాతపట్నము నుండి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పోయిరావలెనన్న, కూలివానికి దినవేతనము పోవును. ఒంట్లో బాగున్నదని పరీక్ష మానుకొనుట ఇట్లే జరుగును. పరీక్ష రిపోర్టు ఇంగ్లీషులో నుండును. ఇంటి పెద్దలు చదువలేరు. దానిని వారికి ఉర్దూలోనో తెలుగులోనో చదివి చెప్పి, భద్రపరచి, మరల పోవలసిన తేదీని గుర్తుచేయుట చదువుకొన్న బిడ్డల బాధ్యత. దవా, దువా రెండును కావలెనని మన పెద్దలందురు. దువా చేయువారు ప్రతి ఇంట నున్నారు; దవా సంగతి చూడవలసినది మీరే.