టీకి పది నిమిషాలా, పావుగంటా?

ప్రశ్న: హనుమకొండలో అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. పన్నెండు మంది సిబ్బంది. పనిగంటలు తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా. భోజనానికి అరగంట ఇస్తున్నాను. టీ పేరుతో బయటికెళ్లి ఆలస్యంగా వస్తున్నారు. విరామం ఎంత ఇవ్వాలి?

జవాబు: చట్టం చెప్పేది కనీస పరిమితి మాత్రమే. తెలంగాణలో వాణిజ్య సంస్థలకు 2025 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, అరగంట విశ్రాంతి లేకుండా ఆరు గంటలకు మించి పని చేయించకూడదు. మీరు ఆ గీత దాటలేదు. కానీ ఆ అరగంట టిఫిన్ డబ్బా విప్పి, తిని, గిన్నెలు కడుక్కోవడానికే సరిపోతుంది, ఇక విశ్రాంతి ఎక్కడ? ముప్పావుగంట చేయండి. పదకొండున్నరకు, నాలుగింటికి పావుగంట చొప్పున టీ విరామం ఇవ్వండి. రోజంతా అంకెలు చూసే కళ్లకు అది అవసరం; అలసిన మనిషి చేసిన తప్పును వెతికి దిద్దడానికి అంతకు మించిన సమయం పడుతుంది.

ఆలస్యం సంగతికొస్తే, టీ ఆఫీసుకే తెప్పించండి. చాలావరకు తగ్గుతుంది. అందరినీ ఒకేసారి పంపక రెండు జట్లుగా వదిలితే ఫోన్లకూ మనుషులుంటారు. బాత్రూముకు వెళ్లిన సమయాన్ని మాత్రం ఎప్పుడూ లెక్కగట్టకండి. ఈ మధ్యే కాన్పయి తిరిగొచ్చిన ఉద్యోగిని ఉంటే, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు అదనపు విరామాలు ఆమెకు చట్టమిచ్చిన హక్కు. ఆమె అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.