ఫిజీ పాలనా వ్యవస్థ - ఉమ్మడి ఓటర్ల జాబితా
పసిఫిక్ మహాసముద్రంలో మూడు వందలకు పైగా దీవులతో ఏర్పడిన చిన్న దేశం ఫిజీ. దాని రాజధాని సువ. జనాభా సుమారు తొమ్మిది లక్షలు. చెరకు తోటలలో పనిచేయుటకు బ్రిటిష్ పాలకులు 1879 నుండి భారతీయ కూలీలను అక్కడికి తరలించారు. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా దక్షిణాదివారు కూడా ప్రయాణమయ్యారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారున్నారు. ఐదేండ్ల కూలి ఒప్పందాన్ని ఆ కూలీలు ‘గిర్మిట్’ అని పిలిచారు. 1920లో ఈ ఒప్పందాలు రద్దయ్యాయి. అనేకులు స్వదేశానికి తిరిగి రాక అక్కడే స్థిరపడ్డారు. ఆంధ్ర సంగం పేరుతో సంస్థను స్థాపించుకొని, పాఠశాలలు నడిపారు.

స్థిరపడినవారికి పాలనలో భాగం సులభంగా లభించలేదు. 1929లో భారతీయులు తొలిసారి శాసనమండలికి ముగ్గురు ప్రతినిధులను ఎన్నుకున్నారు. అయితే ఐరోపావారి ఓటర్ల జాబితా వేరు, భారతీయుల జాబితా వేరు. అందరికీ ఒకే జాబితా ఉండవలెనని ఆ ముగ్గురూ తీర్మానం ప్రతిపాదించారు. అది వీగిపోగా సభను విడిచి వెళ్ళారు.

జాబితాలు వేరైనంత మాత్రాన కలిగే నష్టమేమిటి? చిల్లకల్లు గ్రామం జగ్గయ్యపేట శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. అది జనరల్ స్థానం. పొరుగున ఉన్న నందిగామ షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. నందిగామలో పోటీ చేయుటకు ఆ కులాలవారే అర్హులు. ఓటు మాత్రం అన్ని కులాలవారూ, మతాలవారూ వేస్తారు. కనుక అభ్యర్థి ప్రతి గడపకూ వెళ్ళవలసిందే. వేరు జాబితాల పద్ధతిలో అభ్యర్థికి తన వర్గం ఓట్లు చాలు. ఇతరుల మాట వినవలసిన అవసరం ఉండదు.

1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమయింది. ప్రతినిధుల సభలోని 52 స్థానాలలో 27 స్థానాలకు వేరు జాబితాలే కొనసాగాయి. 1987 మే నెలలో సితివేని రబుకా సైనిక తిరుగుబాటు జరిపారు. 1990 రాజ్యాంగం ప్రధాని పదవిని స్థానిక ఫిజీయులకే పరిమితం చేసింది. 1997 రాజ్యాంగం ఆ నిషేధాన్ని తొలగించగా, 1999లో మహేంద్ర చౌదరి భారత సంతతికి చెందిన తొలి ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాదే సాయుధులు ఆయనను పార్లమెంటులో నిర్బంధించారు. 2006లో మరొక సైనిక తిరుగుబాటు జరిగింది.

2013 రాజ్యాంగం జాతులవారీ జాబితాలను రద్దు చేసింది. ఫిజీలో ఇప్పుడు పార్లమెంటుకు ఒకే సభ. దేశమంతా ఒకే నియోజకవర్గం. పార్టీలకు ఓట్ల నిష్పత్తిని బట్టి స్థానాలు లభిస్తాయి. అందుకు కనీసం ఐదు శాతం ఓట్లు రావాలి. 2022లో 55 మంది సభ్యులు ఎన్నికయ్యారు. ప్రధాని పార్లమెంటుకు బాధ్యత వహిస్తారు. అధ్యక్షుని పార్లమెంటు ఎన్నుకుంటుంది.

1929లో అడిగిన ఉమ్మడి జాబితా 2014 ఎన్నికలలో అమలయింది. దానిని తెచ్చినది తిరుగుబాటుతో ఏర్పడిన ప్రభుత్వమే. ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఆ జాలితా ప్రకారమే 2022లో ఎన్నికలు జరిగి రబుకా ప్రధాని అయ్యారు. 1987లో తుపాకితో అధికారం చేపట్టిన ఆయన, ఈసారి అన్ని జాతుల ఓటర్లనూ ఓటు అడగవలసి వచ్చింది.