నెల రోజులు ఆపి చూడు, ఆ తర్వాత తేల్చుకో

విశాఖలో మానసిక వైద్యం వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇప్పటికీ మా వీధి పిల్లలూ, వాళ్ల స్నేహితులూ సాయంత్రాలు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. కాసేపు లోకాభిరామాయణం అయ్యాక అసలు మాట బయటికొస్తుంది: "సిస్టరమ్మా, రోజూ కొడుతున్నాను. మానేయాలంటారా?" గంజాయి అన్న మాట మాత్రం నోట రాదు. పాడేరు, చింతపల్లి కొండల నుంచి సరుకు దిగే ఊరు మాది కాబట్టి నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్లకు విడివిడిగా చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టు

ఈ మాట ఎత్తగానే కుర్రాళ్లు లాయర్లయిపోతారు. శివుడు తాగలేదా అంటారు. కాలిఫోర్నియాలో దుకాణాలు పెట్టి అమ్ముతున్నారంటారు. భంగుకు మన చట్టంలోనే మినహాయింపు ఉందంటారు. కాస్త చదివినవాడైతే 1893-94లో ఇంగ్లీషు ప్రభుత్వం వేసిన కమిషన్ కూడా మితంగా వాడితే ముప్పు లేదని రాసిందంటాడు. నిజమే, రాసింది. మితిమీరితే హాని అని కూడా అదే నివేదికలో ఉంది. ఆ సగం ఎవరూ ఎత్తరు. సరే, వాదనలో నువ్వే గెలిచావనుకో. రేపు పొద్దున లేవగానే నీ చెయ్యి దిండు కింద దేనికోసం తడుముతుందో దానికోసమే తడుముతుంది. తేల్చుకోవాల్సింది నీ సంగతి. శివుడి సంగతి ఆయన చూసుకుంటాడు.

2. ఎంత అని కాదు, ఎన్ని గంటలకు అని నిన్ను నువ్వే అడుగు

ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే 2019లో వచ్చింది. ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్ ఏదో ఒకటి వాడినవాళ్లు దేశంలో సుమారు 3.1 కోట్లనీ, వాడకం వల్ల చిక్కుల్లో పడి సాయం అవసరమైనవాళ్లు దాదాపు 72 లక్షలనీ లెక్కగట్టారు. ముట్టుకున్న ప్రతివాడూ మునిగిపోడన్నమాట. రోజూ వాడేవాడికే ఆ భయం ఎక్కువ.

మోతాదు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. చాలామందికి తెలియదు కూడా. అందుకే నేను వేళ అడుగుతాను. రాత్రి అన్నం తిన్నాక ఒకటి తాగి పడుకునేవాడిది ఒక దారి. పళ్లు తోముకోకముందే బాత్రూమ్ కిటికీ దగ్గర నిలబడి ముట్టించేవాడిది ఇంకో దారి. తర్వాత అడిగేది, సరుకు దొరకని రోజు ఏం చేస్తావని. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో పోలీసులు గంజాయి తోటలు కొట్టించారు. ఆ రోజుల్లో ఏం చేశావని ఒక డిగ్రీ కుర్రాణ్ని అడిగాను. మంచం కింద న్యూస్‌పేపర్ దులిపి, ఎప్పుడో పారేసిన కాడలూ గింజలూ ఏరుకుని, వాటినే నలిపి తాగానన్నాడు. గింజలు చిటపటమని పేలి చొక్కా మీద పడ్డాయట. నవ్వుతూ మొదలెట్టినవాడు ఆ మాట దగ్గర ఆగిపోయాడు. నేను ఇంకేమీ అడగలేదు.

3. లెక్క కాగితం మీద పెట్టు

బైకు మెకానిక్ ఒకడు ఎంత ఖర్చవుతుందంటే నోటితో చటుక్కున చెప్పేశాడు. రాయమన్నాను. పొట్లం ఖర్చు రాశాడు. దానిలో కలిపే సిగరెట్లు, చుట్టే కాగితం మర్చిపోయాడు. అవి రాశాక, తాగిన తర్వాత రాత్రి పదకొండింటికి తినే బిర్యానీ, కూల్‌డ్రింకు గుర్తొచ్చాయి. చివరికి పొద్దున ఆలస్యంగా వెళ్లినందుకు వదిలేసుకున్న బేరాలు రాశాడు. పై మూడింటికన్నా ఆ ఆఖరి అంకే పెద్దది.

డబ్బుతో పాటు గంటలు కూడా రాయాలి. తెచ్చుకోవడానికి పోయే సమయం, తాగే సమయం, దిగేదాకా ఆగే సమయం, కళ్ల ఎరుపు పోయేదాకా ఇంటికి వెళ్లకుండా బీచ్‌లో తిరిగే సమయం. ఎదురుగా ఇంకో వరసలో దానివల్ల వచ్చే లాభాలు కూడా రాయి. దాచకు. లాభం లేకపోతే ఎవరూ రోజూ తాగరు.

4. దాని చేత ఏ పని చేయించుకుంటున్నావో చూడు

ఆ లాభాల వరసలోనే అసలు గుట్టు ఉంటుంది. నిద్ర పట్టడం లేదని తాగేవాళ్లున్నారు. నైట్ షిఫ్టు చేసొచ్చి తల దిగక తాగేవాళ్లున్నారు. తండ్రి పోయాక ఆ దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొదలెట్టినవాళ్లున్నారు. నలుగురిలో మాట్లాడాలంటే భయం ఉన్నవాళ్లు, హాస్టల్లో తోచక తాగేవాళ్లు కూడా ఉన్నారు. గంజాయి మానిన మర్నాడు ఆ నిద్రలేమి, ఆ దుఃఖం, ఆ భయం నీ ముందుకొచ్చి నిలబడతాయి. వాటికి వేరే దారి చూడకుండా మానినవాళ్లు వార్డుకు తిరిగి రావడం చాలాసార్లు చూశాను. దిగులు జబ్బుగా ముదిరిందేమో డాక్టరు చూసి చెప్పాలి. దానికి మందులున్నాయి, మాటలతో చేసే వైద్యం కూడా ఉంది.

5. తాగుతూ తేల్చుకోలేవు

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క పాఠంలోనే ఉంది. మానాలా వద్దా అని ఆలోచించే బుర్ర రోజూ గంజాయిలో నానుతున్న బుర్రే. తక్కెడలో ముందే ఒక రాయి వేసి బరువు తూస్తే ఏం తెలుస్తుంది? అందుకని జన్మలో ముట్టనని ఒట్టు వేయమని ఎవరినీ అడగను. ఒక్క నెల పూర్తిగా ఆపు, అప్పుడు తేల్చుకో అంటాను.

నెలే ఎందుకంటే దానికి లెక్క ఉంది. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. అది కొవ్వులో నిలవ ఉండి మెల్లగా బయటికి పోతుంది. రోజూ తాగినవాడి మూత్రంలో వారాల తర్వాత కూడా దొరుకుతుంది. మెదడులో అది వెళ్లి పట్టుకునే గ్రాహకాలు రోజువారీ వాడకంతో తగ్గిపోతాయి. మునుపటి మోతాదు చాలకపోవడం, మామూలు సంగతులు చప్పగా తోచడం అందుకే. ఆపిన రెండు రోజుల నుంచే అవి కోలుకోవడం మొదలై, నాలుగు వారాలకు దాదాపు మామూలు స్థితికి వస్తాయని మెదడు స్కానింగులతో చేసిన పరిశోధనలు చెప్పాయి. మూడో రోజున "ఇది లేకుండా నేను బతకలేను" అనిపిస్తుంది. అది నీ తీర్పు కాదు, దిగుతున్న మత్తు చేసే గోల. ఆ రోజు వచ్చిన ఆలోచన ఏదైనా లెక్కలో వేసుకోకు.

6. మొదటి రెండు వారాలకు ముందే సిద్ధపడు

గంజాయి ఆపితే బాధేమీ ఉండదని మా కాలంలో చాలామంది డాక్టర్లే అనేవారు. కానీ 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో ఆ బాధను చేర్చారు. ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది, మొదటి వారంలో తారస్థాయికి వెళుతుంది, రెండు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది. చిరాకు, కంగారు, చెమటలు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పడితే కలలు. కలలంటే మామూలు కలలు కావు. చనిపోయిన తాతయ్య వచ్చి మంచం మీద కూర్చున్నాడని తెల్లవారుజామున ఒకడు వార్డంతా లేపాడు. నిద్ర మటుకు కుదురుకోవడానికి ఇంకొన్ని వారాలు పట్టొచ్చు.

అన్నం సయించకపోతే గంజి, మజ్జిగ, అరటిపండు కొద్దికొద్దిగా రోజుకు ఐదారుసార్లు తీసుకో. సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. చెమట పట్టేదాకా నడువు. ఫోన్లో సరుకు ఇచ్చేవాడి నంబరు తీసెయ్. చిలుము, కాగితాలు ఇంట్లో ఉంచకు. ఆ రెండు వారాల్లో ఉద్యోగం మానేయడం, పెళ్లి తప్పించుకోవడం, అన్నదమ్ములతో ఆస్తి తగవు తేల్చుకోవడం లాంటివేవీ పెట్టుకోకు.

గంజాయి ఒక్కటే ఆపితే ప్రాణం మీదికి సాధారణంగా రాదు. దానితో పాటు రోజూ మందు తాగేవాడైనా, నిద్రమాత్రలు మింగేవాడైనా మటుకు అన్నీ ఒక్కసారిగా సొంతంగా ఆపకూడదు. ఫిట్స్ రావొచ్చు. డాక్టరు చెప్పిన పద్ధతిలోనే ఆపాలి.

7. సిగరెట్టుని మర్చిపోకు

మనవాళ్లు ఎక్కువమంది సిగరెట్లో పొగాకు సగం తీసి గంజాయి కలిపి తాగుతారు. ఏళ్ల తరబడి అలా తాగినవాడికి అలవాటు ఒకటి కాదు, రెండు. గంజాయి మాని సిగరెట్టు ఉంచుకుంటే నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ పాతది గుర్తొస్తుంది. రెండూ కలిపి ఆపగలిగితే మేలు. పొగాకు మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి ఉన్నాయి. గంజాయి మానడానికి ఇంతవరకు ఆమోదం పొందిన మందు లేదు. ఉందని డబ్బు గుంజేవాళ్ల మాట వినకు.

8. కొందరికి తేల్చుకునే పని లేదు, ఆపడమే

ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, అందరూ తననే చూస్తున్నారని, తన గురించే చెప్పుకుంటున్నారని అనుమానం మొదలవడం చిన్న సంగతి కాదు. ఇంట్లో మేనమామకో, పెదనాన్నకో మతి చలించిన జబ్బు ఉంటే మరీ జాగ్రత్త. యూరప్‌లోని పట్టణాల్లో, బ్రెజిల్‌లో చేసిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది. రోజూ గంజాయి వాడేవాళ్లకు అలాంటి జబ్బు వచ్చే అవకాశం ఎప్పుడూ ముట్టనివాళ్లకన్నా సుమారు మూడు రెట్లుగా తేలింది. మత్తు శాతం బాగా ఎక్కువున్న సరుకైతే ఇంకా ఎక్కువ. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ జోలికి పోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి డాక్టర్లకు కూడా తొందరగా తట్టదు. ఒక కుర్రాడు నెలకోసారి వాంతులతో వచ్చేవాడు. ఎండోస్కోపీలు, స్కానింగులు అన్నీ అయ్యాయి, ఏమీ దొరకలేదు. వాళ్లమ్మ మాటల మధ్య, "రోజుకు నాలుగైదుసార్లు వేణ్నీళ్లు పోసుకుంటాడమ్మా, గీజర్ కరెంటు బిల్లు కట్టలేకపోతున్నాం" అంది. మా డాక్టరుగారు తలెత్తి చూశారు. ఏళ్ల తరబడి గంజాయి తాగేవాళ్లలో కొందరికి ఆగని వాంతులు వస్తాయి, కాలిపోయే వేణ్నీళ్లు పోసుకుంటేనే ఉపశమనం ఉంటుంది. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు మొదట రాసిన జబ్బు ఇది. దీనికి మందు గంజాయి ఆపడమే.

కడుపుతో ఉన్నవాళ్లు, లారీ, ఆటో, బస్సు నడిపేవాళ్లు కూడా ఈ పాఠం కిందికే వస్తారు.

9. పోలీసుల భయంతో వైద్యం మానుకోకు

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగడం నేరమే. ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. స్నేహితుల కోసం తెచ్చిపెట్టే అలవాటు ఉంటే మోతాదు పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ ఉండదు. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ కూడా ఉంది. అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వస్తే, వాడినందుకూ కొద్ది మోతాదు ఉన్నందుకూ కేసు నడపకుండా రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. నీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

అమెరికాలో చదువుకునే పిల్లలకు ఒక మాట. మీ రాష్ట్రంలో దుకాణంలో కొనుక్కున్నా ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు. వీసా, గ్రీన్‌కార్డు వ్యవహారాలు నడిచేది ఆ చట్టం మీదే.

10. ఇంటివాళ్లూ, మీరు కూడా వినండి

"పెళ్లి చేస్తే దారిలో పడతాడు" అన్న మాట మీద ఎంతమంది ఆడపిల్లల జీవితాలు నలిగిపోయాయో నాకు తెలుసు. పెళ్లి వైద్యం కాదు. జేబులు వెతకడం, తాళం వేయడం, నలుగురిలో పరువు తీయడం వల్ల వాడు దాచడం నేర్చుకుంటాడు. గొలుసులు వేసి మాన్పిస్తామనే చోటికి మటుకు పంపకండి. మానసిక రోగిని గొలుసులతో కట్టడం చట్టం నిషేధించింది. వాడు ఆపిన రెండు వారాలూ ఇంట్లో గొంతులు తగ్గించండి. "ఈ రోజు తాగావా?" అని అడిగే బదులు "అన్నం తిన్నావా?" అని అడగండి.

11. నెలయ్యాక కాగితం మళ్లీ తియ్యి

రాసుకున్న రెండు వరసలూ చూసుకో. నిద్ర, డబ్బు, పని, ఇంట్లో మాటలు, పొద్దున లేచినప్పుడు మనసు ఎలా ఉంది అన్నది పోల్చి చూడు. మధ్యలో ఒక రోజు జారితే నెలంతా పోయిందనుకోకు, మర్నాటి నుంచి కొనసాగించు. నెల ఆపలేకపోతే దానికి సిగ్గుపడనక్కర్లేదు. సాయం కావాలని తేలిందంతే. "వారానికోసారి తాగుతాను" అనేవాళ్లలో అలా నిలిచినవాళ్లు లేకపోలేదు. రోజూ తాగి వచ్చినవాళ్లలో నేను చూసినంతలో వాళ్లు చాలా కొద్దిమంది. ఆదివారం ఒకటే అన్నది బుధవారానికి వచ్చిందంటే నీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఈ వారంలోనే ఒక తేదీ అనుకో. నీ మంచి కోరే ఒక్కరికి చెప్పు. ఒంటరిగా కష్టమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం. మానాలా వద్దా అన్నది నెల తర్వాత నువ్వే చెప్పు. ముందు ఆ నెల ఆపు.