ముట్లుడిగే ముందు: తొలి సూచనలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

పోయిన ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలనాడు ఛత్రినాక అంతా డప్పుల మోతతో దద్దరిల్లుతుంటే, నేను అద్దెకుంటున్న గదికి పక్కింటి పెద్దమ్మ మాత్రం గడప దిగలేదు. ఏటా తప్పకుండా బోనమెత్తే మనిషి! ఎందుకని అడిగితే, "తారీకు తెల్వకుండ అయితున్నది బిడ్డా. బోనం నెత్తిన పెట్టుకున్నంక నడుమల అయితే ఎట్ల?" అన్నది. ఆమెకు నలభై అయిదేండ్లు. రాత్రిళ్ళు చెమటలు పోసి నిద్ర పట్టడం లేదట. ఎవరో గాలి సోకిందంటే తాయెత్తు కూడా కట్టించుకున్నది.

పరీక్షల్లో రుతుచక్రం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నాకు, ఆ క్షణాన ఆమెకు చెప్పడానికి ఒక్క మాట తోచలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

అసలు జరిగేదేమిటి?

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాలలో పది, ఇరవై లక్షల అండపుటికలు ఉంటాయి. తర్వాత కొత్తవి పుట్టవు, ఉన్నవి తరుగుతూ వస్తాయి. నలభై దాటాక మిగిలేవి కొద్ది వేలే. అప్పుడు పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా పంపి అండాశయాన్ని గట్టిగా తట్టి లేపుతుంది. అడుగంటిన బోరు మోటారు వేస్తే ఒకసారి గుప్పున పోసి, మరోసారి గాలి తన్నినట్లు, ఈస్ట్రోజెన్ కూడా ఒక నెల పెరిగి, ఒక నెల పడిపోతుంది. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరోన్ తయారు కాదు. అందువల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఒక్కోసారి రక్తస్రావం ఎక్కువవుతుంది.

వరసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏండ్లకు, పాశ్చాత్య దేశాలలో 51 ప్రాంతాన జరుగుతుంది. దానికి ముందు కొన్ని ఏండ్లపాటు సాగే సంధికాలమే పెరిమెనోపాజ్. ఇది జబ్బు కాదు, వయస్సుతో వచ్చే మార్పు.

తొలి సూచనలు

1. అన్నిటికంటే ముందు మారేది తారీకు. ఒక నెలకూ మరో నెలకూ ఏడు రోజులు, అంతకు పైన తేడా పదే పదే వస్తుంటే సంధికాలం మొదలైనట్లు. రెండు నెలలు, అంతకు పైన రాకపోవడం ఆ తర్వాతి దశ. నిపుణులు 2001లో ఈ కొలతలు వేసి 2012లో సవరించారు.

2. ముఖం, మెడ, ఛాతీ మీద ఉన్నట్టుండి వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి.

3. చిరాకు, మతిమరుపు, గుండెదడ, కీళ్ళనొప్పులు.

అయితే గుండెదడ, నీరసం రక్తహీనతలోనూ, థైరాయిడ్ లోపాలలోనూ ఉంటాయి. కనుక హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. 45 దాటినవారిలో ఈ సంధికాలాన్ని తెలుసుకోవడానికి సాధారణంగా హార్మోను పరీక్ష అక్కరలేదు, లక్షణాలే చాలు.

ఇంట్లో చేసుకోదగినవి

గోడ క్యాలెండరే మొదటి సాధనం. పాల లెక్క, గ్యాసుబండ వచ్చిన తారీకు రాసుకునే చోటనే బహిష్టు తారీకు, ఎన్ని రోజులున్నదీ గుర్తు పెట్టుకోవాలి. డాక్టరు మొదట అడిగేది అదే. రాగిజావ, పాలు, నువ్వులు ఎముకలకు బలం. ఆకుకూరలు, పప్పులు రక్తానికి మంచివి. భోజనం కాగానే చాయ్ తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రోజూ అరగంట నడక, రాత్రి నూలుబట్టలు, గాలి ఆడే చోట పడక మేలు. మరొక మాట: నెలలు తప్పుతున్నా గర్భం రాదని ధీమా పనికిరాదు.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి?

గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటి రక్తస్రావం ఆగకున్నా, రెండు బహిష్టుల నడుమ గానీ, భార్యాభర్తల కలయిక తర్వాత గానీ రక్తం కనిపించినా ఆలస్యం చేయరాదు. ఏడాదిపాటు ఆగిపోయి మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా అంతే. నలభై లోపే ముట్లు ఆగినా చూపించుకోవాలి. మా ఛత్రినాకకు దగ్గరలో పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. పేరు ప్రసూతిదే అయినా స్త్రీవ్యాధులకూ అక్కడ చూస్తారు.

గర్భసంచి తీయించుకోవడం

మా ఊరినుంచి అమ్మ ఫోనులో, "ఊళ్ళె డాక్టరు గర్భసంచి తీసేస్తే పీడ పోతదంటుండు" అన్నది. అమ్మకు 43. మా వాడకట్టులో పత్తి ఏరబోయే ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ అయినవారు చాలామందే ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కాన్సరు వంటి కారణాలకు ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, కాదనలేం. కానీ ఎక్కువ రక్తస్రావానికి ముందు మాత్రలున్నాయి, హార్మోను లూప్ ఉంది. ఆవిర్లు భరించలేనివారికి డాక్టరు చూసి హార్మోను చికిత్స ఇస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీస్తే ఏండ్ల మీద జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది. ఎముకలు త్వరగా గుల్లబారుతాయి. కూలిచేసుకు బ్రతికే మనిషికి ఎముకే కదా ఆస్తి! అందుకే మరో డాక్టరు సలహా తీసుకోకుండా ఒప్పుకోవద్దన్నాను. అమ్మ జిల్లా ఆసుపత్రికి వెళ్ళింది. పరీక్షలో తేలింది రక్తహీనత. ఇప్పుడు ఇనుము మాత్రలు వాడుతున్నది.

పెద్దమ్మ ఇంటి క్యాలెండరులో పాల లెక్క పక్కన ఎర్ర పెన్సిలు గీతలు మొదలైనాయి. తాయెత్తు ఇంకా చేతికే ఉంది, భయం మాత్రం తగ్గింది.

మిత్రులారా! ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, "అమ్మా, నిద్ర పడుతున్నదా?" అని ఒక్క మాట అడుగుదాం. మన చదువు ఆమె దాకా వెళ్ళడానికి ఆ మాట చాలు.